భాగం 9: భూకంపం వచ్చినప్పుడు మానవాకార రోబో రక్షణ

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఒక చిన్న మానవాకార రోబో ఎంతటి కంపనానికి ఒరిగిపోతుందో లెక్కకట్టగలుగుతారు. పడినప్పుడు దానిలో ఏ భాగం ముందుగా దెబ్బతింటుందో, ఎందుకు దెబ్బతింటుందో వివరించగలుగుతారు. మీ దగ్గరున్న రోబోను ఎక్కడ, ఏ భంగిమలో ఉంచాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు. భూమి కంపిస్తున్న ఆ కొద్ది సేపట్లో రోబో కోసం మీరు ఏ పనీ చేయకూడదని ఎందుకు చెబుతున్నామో కూడా గ్రహిస్తారు.

9.1 పరిచయం

రోబో నడుస్తున్నప్పుడు తన సమతౌల్యాన్ని ఎలా నిలుపుకుంటుందో గత భాగంలో చదివారు. అక్కడ మనం ఒక విషయాన్ని పైకి చెప్పకుండానే అంగీకరించాం: కాళ్ళ కింది నేల కదలదు. ఈ భాగంలో ఆ ఊహను వదిలేస్తాం.

రెండు కాళ్ళ మీద నిలబడే చిన్న రోబోను కిట్ రూపంలో కొని, ఇంట్లోనే అమర్చుకుని, దానికి నడక, వంగడం, లేవడం వంటివి నేర్పే అలవాటు బాగా పెరిగిన దేశం జపాను. రోబో-వన్ అనే పోటీలు అక్కడ 2002లో మొదలయ్యాయి. ఔత్సాహికులు సొంతంగా తయారుచేసుకున్న రెండు కాళ్ళ రోబోలు వేదిక మీద తలపడి, ఒకదాన్నొకటి పడగొట్టడం ఆ పోటీ. 2004లో కొండో కగాకు అనే సంస్థ కేహెచ్ఆర్-1 అనే కిట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 17 సర్వో మోటార్లు, 34 సెం.మీ. ఎత్తు, సుమారు 1.2 కి.గ్రా. బరువు. దానితో లేత్ మెషీను, వర్క్‌షాపు లేని మామూలు మనిషి కూడా తన బల్ల మీద ఒక మానవాకార రోబోను నిలబెట్టుకోగలిగాడు.

అదే దేశం ప్రపంచంలో భూకంపాలు అతి తరచుగా వచ్చే ప్రాంతాల్లో ఒకటి. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు 9.0 పరిమాణంతో వచ్చిన తోహోకు భూకంపానికి, అధికేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న టోక్యోలో కూడా పుస్తకాల అరలు ఖాళీ అయ్యాయి. కాబట్టి అరలో నిలబెట్టిన రోబో సంగతేమిటన్న ప్రశ్న అక్కడి వారికి ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు.

ఉద్యోగరీత్యా జపానులో ఉంటున్న మన వాళ్ళకు ఇది నేరుగా పనికొచ్చే పాఠం. మిగిలినవారు కూడా దాటవేయకండి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలోనూ, 2024 డిసెంబరు 4 ఉదయం 5.3 పరిమాణంతో ములుగు జిల్లాలోనూ భూమి కంపించింది. రెండవ కంపనం హైదరాబాదు వరకు తెలిసింది. మీ కళాశాల ప్రయోగశాలలో ఎత్తయిన అర మీద నిలబెట్టిన రోబోకు ఇందులోని లెక్కలు అలాగే వర్తిస్తాయి.

9.2 నిలబడిన వస్తువు ఎప్పుడు ఒరుగుతుంది?

ఈ ప్రశ్నకు ఒక సమాధానం జపానులోని శ్మశానాల నుంచి వచ్చింది. 1876లో టోక్యోలో ఇంజనీరింగ్ బోధించడానికి వచ్చిన జాన్ మిల్న్ అనే ఆంగ్లేయుడు 1880లో యొకొహామాలో భూకంపం వచ్చాక భూకంపాల అధ్యయనానికి అంకితమయ్యాడు. ఆనాటి పరికరాలు పెద్ద కంపనాలను సరిగా నమోదు చేయలేకపోయేవి. కానీ ఊరూరా సమాధి రాళ్ళు ఉన్నాయి. అన్నీ దాదాపు ఒకే ఆకారంలో నిలబెట్టిన దీర్ఘచతురస్రపు స్తంభాలు. ఏ రాయి పడింది, ఏది నిలిచింది అని కొలతలతో సహా చూసుకుంటే, అక్కడ నేల ఎంత త్వరణంతో కదిలిందో అంచనా వేయవచ్చు. అందుకు వాడిన సూత్రం మిల్న్‌తో పాటు అక్కడే బోధించిన వెస్ట్ అనే ఆచార్యుడి పేరు మీద నిలిచిపోయింది.

సూత్రం చాలా చిన్నది. గరిమనాభి నుంచి కిందికి గీసిన లంబరేఖ ఆధారాన్ని తాకే బిందువును గుర్తించండి. ఆ బిందువు నుంచి ఆధారం అంచుకు ఉన్న దూరాన్ని, గరిమనాభి ఎత్తుతో భాగించండి. వచ్చిన నిష్పత్తిని గురుత్వ త్వరణంతో గుణిస్తే, ఆ వైపు ఒరగడం ప్రారంభించడానికి కావలసిన క్షితిజ సమాంతర త్వరణం వస్తుంది.

ఒరుగుడు త్వరణం = (అంచు దూరం ÷ గరిమనాభి ఎత్తు) × గురుత్వ త్వరణం

భూకంప శాస్త్రంలో త్వరణానికి గాల్ అనే ప్రమాణం వాడతారు. ఒక గాల్ అంటే సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు. గురుత్వ త్వరణం 980 గాల్.

ఇప్పుడు మన రోబోను తీసుకుందాం. ఎత్తు 40 సెం.మీ., బరువు 1.5 కి.గ్రా., నిలబడినప్పుడు గరిమనాభి ఎత్తు 20 సెం.మీ., అక్కడి నుంచి కాలివేళ్ళ వైపు అంచుకు, మడమ వైపు అంచుకు చెరో 5 సెం.మీ. అనుకోండి. 5ను 20తో భాగిస్తే 0.25. అంటే 245 గాల్ త్వరణం వచ్చేసరికి రోబో పాదం అంచు మీద లేవడం మొదలుపెడుతుంది. అదే రోబోను మోకాళ్ళు వంచి గొంతుకు కూర్చోబెడితే గరిమనాభి 13 సెం.మీ.కు దిగుతుందనుకుందాం. అప్పుడు 377 గాల్. వెల్లకిలా పడుకోబెడితే గరిమనాభి ఎత్తు 4 సెం.మీ., పక్కకు అంచు దూరం 8 సెం.మీ.; లెక్క ప్రకారం 1,960 గాల్ కావాలి. అంత త్వరణం వచ్చేలోపే అది ఒరగడం మాని పక్కకు జారుతుంది. జారడం గురించి 9.5లో చెప్పుకుందాం.

ఈ 245 గాల్ ఎక్కువా తక్కువా? జపాను వాతావరణ సంస్థ భూకంపాన్ని రెండు రకాలుగా ప్రకటిస్తుంది. పరిమాణం భూకంపం విడుదల చేసిన శక్తిని తెలుపుతుంది. ఒక భూకంపానికి ఒకటే. తీవ్రత ఒక్కో చోట నేల ఎంత కదిలిందో తెలుపుతుంది. ఊరు మారితే అదీ మారుతుంది. రోబోకు కావలసింది రెండోదే. ఈ తీవ్రతకు 0 నుంచి 7 వరకు మెట్లున్నాయి. 1996 నుంచి 5, 6 మెట్లను దిగువ, ఎగువ అని రెండుగా విడదీసి, మొత్తం పది చేశారు. అంతకు ముందు వాడిన పట్టికలో 5వ మెట్టుకు ఉజ్జాయింపుగా 80 నుంచి 250 గాల్, 6వ మెట్టుకు 250 నుంచి 400 గాల్ అని ఉండేది. ఈ లెక్కన నిలబడిన రోబో 5వ మెట్టు ముగిసేచోటే పడడానికి సిద్ధమవుతోంది. ఇది నేల మీద నిలబెడితే. అర మీద అయితే ముందే పడుతుంది, ఎందుకంటే భవనం పై అంతస్తులూ, గోడకు బిగించని అరలూ నేల కదలికను పెంచి అందిస్తాయి. 2011లో అధికేంద్రానికి సుమారు 770 కి.మీ. దూరంలోని ఒసాకాలో నేల మీద తీవ్రత 3 మాత్రమే. అక్కడి 256 మీటర్ల ఎత్తున్న ప్రభుత్వ భవనపు పై అంతస్తు మాత్రం ఒక్కో వైపుకు మీటరుకు పైగా, దాదాపు పది నిమిషాల పాటు ఊగింది.

ఇక్కడొక జాగ్రత్త. వెస్ట్ సూత్రం చెప్పేది ఒరగడం ఎప్పుడు మొదలవుతుందనేది మాత్రమే. మొదలైన ఒరుగుడు పూర్తిగా పడిపోవడంగా మారాలంటే ఆ తోపు కొంతసేపు కొనసాగాలి. 2011లో మియాగి రాష్ట్రంలోని త్సుకిదాతెలో 2,900 గాల్‌కు పైగా నమోదైంది, తీవ్రత 7. అయినా అక్కడ ఇళ్ళు విరివిగా కూలలేదు. ఆ కంపనంలో బలమైన భాగం సెకనులో నాలుగో వంతు ప్రాంతపు అతి తక్కువ ఆవర్తన కాలంతో ఉండడమే కారణం. తోపు ఇలా వచ్చి అలా తిరిగిపోయింది.

ఇది విని మీ రోబోకు కూడా ఊరట అనుకోకండి. అమెరికా ఇంజనీరు జార్జ్ హౌస్నర్ 1963లో ప్రచురించిన పరిశోధనలో ఒక ముఖ్య విషయాన్ని చూపించాడు: ఒకే ఆకారంలో ఉన్న రెండు వస్తువుల్లో పెద్దదే ఎక్కువ స్థిరం. రెండూ ఒకే త్వరణానికి ఒరగడం మొదలుపెడతాయి. కానీ నాలుగు రెట్లు పొడవైన వస్తువు ఒరగడానికి రెట్టింపు సమయం తీసుకుంటుంది. చేతిలో పెన్సిలును నిలబెట్టడం కంటే గడకర్రను నిలబెట్టడం సులువని పిల్లలకు కూడా తెలుసు. మనిషంత రోబోను వదిలేసే చిన్న కుదుపు మీ 40 సెం.మీ. రోబోను పడగొట్టగలదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
ఒక రోబో గరిమనాభి ఎత్తు 15 సెం.మీ. అక్కడి నుంచి కాలివేళ్ళ అంచుకు 3 సెం.మీ., మడమ అంచుకు 5 సెం.మీ. అది ఎటువైపు, ఎన్ని గాల్ దగ్గర ఒరగడం మొదలుపెడుతుంది?

9.3 రోబో రాతి స్తంభం కాదు

ఇంతవరకు రోబోను ఒకే ముక్కగా భావించాం. నిజానికి అది పదిహేడు చోట్ల వంగే వస్తువు. స్విచ్చి ఆపిన తరువాత కూడా అది నిలబడి ఉందంటే, సర్వోల లోపలి గేర్ల ఘర్షణ దాన్ని పట్టి ఉంచిందని అర్థం. ఆ పట్టు చాలా బలహీనం.

జపానులో పింగాణీ బొమ్మలు, టీవీల కింద మెత్తటి, జిగురుగా ఉండే జెల్ ముక్కలు అతికిస్తారు. వాటిని రోబో పాదాల కింద అతికిస్తే చాలదా అని చాలామందికి తోస్తుంది. చిన్న లెక్క చూడండి. చీలమండలకు పైనున్న శరీరం 1.3 కి.గ్రా., దాని గరిమనాభి చీలమండకు 18 సెం.మీ. పైన ఉందనుకుందాం. 490 గాల్ కంపనంలో చీలమండల వద్ద పుట్టే భ్రామకం 1.3 × 4.9 × 0.18, అంటే దాదాపు 1.15 న్యూటన్-మీటర్లు. హాబీ సర్వోల భాషలో సుమారు 11.7 కిలోగ్రాము-సెంటీమీటర్లు. ఈ తరగతి సర్వో విద్యుత్తు అందుతున్నప్పుడు చూపే పూర్తి బలంలో ఇది చాలా పెద్ద భాగం. విద్యుత్తు లేనప్పుడు రెండు చీలమండలు పంచుకున్నా ఆపలేవు. ఫలితం: పాదాలు అరకు అతుక్కునే ఉంటాయి, పైశరీరం చీలమండల దగ్గర మడుచుకుని ముందుకు పడుతుంది. పడుతూ పాదాలను మెలితిప్పుతుంది కూడా. వంగని బొమ్మకు జెల్ మంచిది. కీళ్ళున్న రోబోకు అది సగం రక్షణ కూడా కాదు.

కాబట్టి పట్టుకోవలసిన చోటు పాదం కాదు, మొండెం. మొండెమే బరువైన భాగం. గరిమనాభి సాధారణంగా అక్కడే ఉంటుంది. చేతికి తాడు కట్టి గోడకు బిగిస్తే రోబో బరువంతా భుజం సర్వో మీద వేలాడుతుంది. అది కట్టకపోవడం కంటే చెడ్డది.

9.4 పడితే ఏమవుతుంది?

రోబో-వన్ వంటి పోటీల్లో ఇవే రోబోలు ఒక్కో ఆటలో ఎన్నోసార్లు పడతాయి, లేస్తాయి. అలాంటప్పుడు భూకంపానికి పడితే ఏమిటట? ఈ ప్రశ్న సబబైనదే. జవాబు శక్తిలో ఉంది.

నిలబడిన రోబో అదే తలం మీద పడితే దాని గరిమనాభి 20 సెం.మీ. నుంచి 4 సెం.మీ.కు దిగుతుంది. పోగొట్టుకున్న స్థితిశక్తి 1.5 × 9.8 × 0.16, అంటే సుమారు 2.4 జౌళ్ళు. అదే రోబో 1.5 మీటర్ల ఎత్తున్న అర మీద నుంచి నేలకు పడితే 22 జౌళ్ళు. తొమ్మిది రెట్లకు పైగా. నేలను తాకే వేగం సెకనుకు 5.4 మీటర్లు, గంటకు దాదాపు 20 కి.మీ. ఊళ్ళో సైకిలు కాస్త జోరుగా తొక్కే వేగం.

ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నది రెండో విషయం. గచ్చు నేల మీద 2 మి.మీ.లో ఆగితే సగటు త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 750 రెట్లు. కింద మందపాటి నురుగు పరుపు ఉండి 3 సెం.మీ.లో ఆగితే 50 రెట్లు. ఒకే ఎత్తు, ఒకే రోబో. తేడా అంతా కింద ఏముందన్న దానిలోనే.

ముందుగా పోయేది సర్వో గేరు. కారణం కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. సర్వోలోని చిన్న మోటారు రోటారు కొన్ని గ్రాములే. కానీ గేరు నిష్పత్తి 300 అనుకుంటే, రోబో చేయి ఒక్క డిగ్రీ తిరగాలంటే లోపలి రోటారు 300 డిగ్రీలు తిరగాలి. బయటి నుంచి తిప్పేవారికి ఆ రోటారు జడత్వం గేరు నిష్పత్తి వర్గంతో పెరిగి కనిపిస్తుంది: 300 × 300, అంటే 90,000 రెట్లు. నెమ్మదిగా తిప్పితే ఘర్షణ మాత్రమే తెలుస్తుంది, చేయి తిరుగుతుంది. చాచిన చేయి నేలను ఠపీమని తాకినప్పుడు మాత్రం, అంత త్వరగా వేగం పుంజుకోలేని రోటారు గోడలా అడ్డం నిలుస్తుంది. నేలకూ ఆ గోడకూ మధ్య నలిగేది చివరి గేరు పళ్ళు. అందుకే కొందరు తయారీదారులు మిగతావి ప్లాస్టిక్‌వి పెట్టినా చివరి గేరును లోహంతో చేస్తారు.

విద్యుత్తు అందుతున్న సర్వో తన స్థానాన్ని నిలుపుకోవడానికి ఎదురు తోస్తుంది. అంటే ఆపి ఉంచిన రోబో కంటే పని చేస్తున్న రోబో పడడం గేర్లకు మరింత ప్రమాదం. చేతులు చాచి ఉంచిన భంగిమ కూడా అంతే. భద్రపరిచేటప్పుడు చేతులను పక్కలకు ముడిచి ఉంచండి.

ఇంతసేపూ రోబోకు ఏమవుతుందో చూశాం. 22 జౌళ్ళతో, అల్యూమినియం మూలలతో దిగే ఆ వస్తువు కింద ఎవరైనా పడుకుని ఉంటే? మంచం తల వైపు గోడకు అర బిగించి, దాని మీద రోబోను నిలబెట్టే వారున్నారు. 1995 జనవరి 17న కోబె భూకంపం ఉదయం 5 గంటల 46 నిమిషాలకు, ఊరింకా నిద్రలో ఉండగా వచ్చింది. రోబో చోటును ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఇది పడితే ఎవరి మీద పడుతుంది?

9.5 ఎక్కడ, ఎలా ఉంచాలి?

వెల్లకిలా, నేలకు దగ్గరగా, అంచులున్న పెట్టెలో. ఈ భాగం మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోదలిస్తే అది చాలు. మిగతాదంతా దానికి వివరణ.

పడుకోబెట్టిన రోబో ఒరగదు, జారుతుంది. వస్తువు ఒరుగుతుందా, జారుతుందా అనేది ఘర్షణ గుణకం నిర్ణయిస్తుంది. ఘర్షణ గుణకం 9.2లో చూసిన నిష్పత్తి కంటే తక్కువైతే వస్తువు ముందుగా జారుతుంది, ఎక్కువైతే ఒరుగుతుంది. నడకలో కాలు జారకూడదని పాదాలకు రబ్బరు అతికిస్తాం కదా, నిలబెట్టి ఉంచినప్పుడు ఆ రబ్బరే రోబోను ఒరిగేలా చేస్తుంది. జారనివ్వడం ఒక రక్షణ అన్న ఆలోచనకు జపానులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కామకురాలోని 11 మీటర్లకు పైగా ఎత్తున్న కంచు బుద్ధ విగ్రహం 1923 కాంతో భూకంపంలో, దెబ్బతిన్న పీఠం మీద ముందుకు జరిగింది గానీ బోర్లా పడలేదు. పద్మాసనంలో కూర్చున్న విగ్రహం. ఆధారం విశాలం, గరిమనాభి కిందకు ఉంటుంది. 1960–61లో మరమ్మతు చేసినప్పుడు విగ్రహానికీ పీఠానికీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు రేకు అమర్చారు. పెద్ద కంపనం వస్తే విగ్రహం దాని మీద కొద్దిగా జారి, కింది కుదుపంతా పైకి అందకుండా చేయాలన్నది ఉద్దేశం.

బుద్ధుడికి పీఠం విశాలంగా ఉంది. మీ అర అలా ఉండదు. జారిన రోబో అంచు దాటి కింద పడుతుంది. అందుకే అంచులున్న పెట్టె. పోటీలకు తీసుకువెళ్ళడానికి నురుగులో రోబో ఆకారం కోసి పెట్టిన పెట్టె మీ దగ్గర ఉంటే, దాన్ని అటక మీద పెట్టి రోబోను బయట నిలబెట్టకండి. రోబో ఇల్లు ఆ పెట్టే. లేకపోతే ప్లాస్టిక్ తొట్టిలో అడుగున మందపాటి నురుగు, చుట్టూ పాత తువ్వాళ్ళు సరిపోతాయి. దాన్ని అన్నిటికంటే కింది అరలో పెట్టండి. పై అరలో బరువైన పనిముట్లు, బెంచి వైస్ వంటివి ఉండకూడదు. రోబో పడకపోయినా, దాని మీద వైస్ పడితే ఫలితం ఒకటే. ఆ అరను కూడా గోడకు ఎల్ ఆకారపు పట్టీలతో బిగించాలి.

రోబోలను సరిచేసేటప్పుడు భుజాల దగ్గర తాళ్ళతో స్టాండుకు వేలాడదీయడం మీకు తెలుసు. కాళ్ళు గాలిలో ఉంటాయి కాబట్టి ఇదే సురక్షితమని అలాగే వదిలేసేవారు చాలామంది. ఈ అలవాటును మేము గట్టిగా వద్దంటాము. వేలాడే రోబో ఒక లోలకం. తాడు కొస నుంచి గరిమనాభికి 25 సెం.మీ. ఉంటే దాని ఆవర్తన కాలం దాదాపు 1 సెకను. కోబెలో చెక్క ఇళ్ళను అంతగా దెబ్బతీసిన కంపనాల ఆవర్తన కాలం సుమారు 1 నుంచి 2 సెకన్లు. లోలకం ఆవర్తన కాలమూ కంపనం ఆవర్తన కాలమూ కలిస్తే ఏమవుతుందో అనునాదం పాఠంలో చదివారు. ఊపు ఊపుకు పెరుగుతూ రోబో స్టాండు కడ్డీని కొడుతుంది, ఆపై స్టాండుతో సహా పడుతుంది. స్టాండు పని చేసేటప్పటికే.

ఇక మనసు మాట. ఆరు నెలలు కష్టపడి కట్టిన రోబోను పెట్టెలో పడుకోబెట్టి ఎవరికి చూపిస్తాం? ఇది న్యాయమైన బాధే. మన ఇళ్ళలో బొమ్మల కొలువు తొమ్మిది రోజులే. ఆ తరువాత బొమ్మలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో పడుకోబెట్టడానికి ఎవరూ నొచ్చుకోరు. రోబోనూ అలాగే, చూసేవారు వచ్చినప్పుడు నిలబెట్టండి. ఎప్పుడూ కనబడుతూ ఉండాల్సిందే అంటే, మోకాలి ఎత్తుకు మించని బల్ల మీద కూర్చున్న భంగిమలో ఉంచి, మొండెం చుట్టూ వెడల్పాటి మెత్తని పట్టీ వేసి, వదులు లేకుండా వెనుక గోడకు కట్టండి. జపాను మ్యూజియంలలో పాత్రలను, విగ్రహాలను కంటికి ఆనని సన్నని చేపల గాలపు తీగతో పీఠానికి కట్టి ఉంచుతారు. వంగని వస్తువులకు అది చాలు. కీళ్ళున్న రోబోకు సన్నని తీగ కోసుకుపోతుంది, పట్టీయే మేలు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
తాడు కొస నుంచి గరిమనాభి వరకు 36 సెం.మీ. ఉండేలా వేలాడదీసిన రోబో ఆవర్తన కాలం ఎంత? తాడు పొడవు పెంచడం వల్ల ప్రమాదం తొలగుతుందా?

9.6 బ్యాటరీ, ఛార్జరు, సోల్డరింగ్ ఐరన్

రోబో విరిగితే నష్టం రోబో వరకే. పనిబల్ల అంటుకుంటే ఇల్లు పోతుంది. కోబె భూకంపంలో కారణం తెలిసిన అగ్నిప్రమాదాల్లో సగానికి పైగా విద్యుత్తుకు సంబంధించినవే. వాటిలో ఒక రకం మోసపూరితమైనది. కంపనానికి కరెంటు పోతుంది, ఇంట్లోవారు బయటకు వెళ్తారు, గంటల తరువాత కరెంటు తిరిగి వస్తుంది. కింద పడిన హీటరు మళ్ళీ వేడెక్కుతుంది, తెగిన తీగలో నిప్పురవ్వ లేస్తుంది, చూసేవారు ఉండరు. మీ బల్ల మీది సోల్డరింగ్ ఐరన్‌ను ఆ హీటరు స్థానంలో ఊహించుకోండి. దాని మొన 350 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. స్టాండులోంచి జారి కాగితాల మీద పడి ఉన్నప్పుడు కరెంటు వస్తే?

అందుకే ఐరన్, ఛార్జరు, పవర్ సప్లయి అన్నీ ఒకే స్విచ్చి బోర్డు మీద పెట్టి, లేచి వెళ్ళేటప్పుడు ఆ ఒక్క స్విచ్చి ఆపే అలవాటు చేసుకోండి. కంపనాన్ని గుర్తించి దానంతట అదే విద్యుత్తును ఆపే బ్రేకర్లు జపానులో ఇళ్ళకు అమర్చుకుంటున్నారు.

లిథియం పాలిమర్ బ్యాటరీకి గట్టి లోహపు తొడుగు ఉండదు. రోబోలోనే ఉంచి వదిలేస్తే, పడినప్పుడు బ్రాకెట్టు మూల దానిలోకి దిగవచ్చు. లోపలి పొరలు కలిసిపోతే అది వేడెక్కి మండుతుంది. కాబట్టి రోబోను పడుకోబెట్టే ముందు బ్యాటరీని తీసి, మంట అంటుకోని పెట్టెలో, విడిగా, నేలకు దగ్గరగా ఉంచండి. ఛార్జింగు పెట్టి నిద్రపోకండి. భూకంపం లేని ఊళ్ళో కూడా.

9.7 కంపిస్తున్నప్పుడు

జపానులో 2007 అక్టోబరు 1 నుంచి ప్రజలందరికీ భూకంప ముందస్తు హెచ్చరికలు అందుతున్నాయి. దీని వెనుక సూత్రం మీకు తెలిసిందే: ప్రాథమిక తరంగాలు వేగంగా వస్తాయి, అంతగా నష్టం చేయవు, నష్టం చేసే ద్వితీయ తరంగాలు వెనుక వస్తాయి. భూకంప నాభికి 60 కి.మీ. దూరంలో ఉన్నవారికి ప్రాథమిక తరంగాలు సెకనుకు 6 కి.మీ. వేగంతో 10 సెకన్లలో, ద్వితీయ తరంగాలు సెకనుకు 3.5 కి.మీ. వేగంతో 17 సెకన్లలో చేరతాయి. మధ్య వ్యవధి 7 సెకన్లు. హెచ్చరిక తయారై ఫోనుకు చేరడానికి కొంత సమయం పోతుంది. నాభికి మరీ దగ్గరగా ఉన్నవారికి హెచ్చరిక కంటే కంపనమే ముందు చేరవచ్చు.

ఆ కొద్ది సెకన్లు మీవి, రోబోవి కావు. బల్ల కిందికి దూరండి, తలను కాపాడుకోండి, బల్ల కాలును పట్టుకోండి. తీవ్రత 6 దిగువకు చేరితే మనిషికే నిలబడడం కష్టమవుతుంది. అలాంటి వేళ అర దగ్గరకు పరుగెత్తి, చేతులు చాచి 1.5 కి.గ్రా. రోబోను పట్టుకోబోయిన వారి మీదికి అరే ఒరుగుతుంది. చేతిలోంచి జారేదాన్ని పట్టుకోబోవడం మనిషికి సహజం. ఆలోచించి చేసే పని కాదు. అందుకే పట్టుకోవాలనిపించే చోట రోబోను ఉంచకూడదంటున్నాం.

ఆ సమయానికి రోబో నడుస్తూ ఉంటే? రిమోటు చేతిలోనే ఉండి, కూర్చోబెట్టే చలనం ఒక్క మీట దూరంలో ఉంటే నొక్కండి, లేకపోతే వదిలేయండి. రోబోలోని గైరో సెన్సారు దాన్ని నిలబెడుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ సర్దుబాటు నడకలో వచ్చే చిన్న తూలుళ్ళకు తగినట్లు చేసినది. నేలే అటూ ఇటూ పోతుంటే ఆ సవరింపులు వేళ తప్పి, తూలుడును పెంచినా పెంచుతాయి. హెచ్చరిక అందగానే దానంతట అదే కూర్చునే రోబోను తయారుచేయడం ప్రాజెక్టుగా మంచి ఆలోచనే. కానీ రోబో రోజులో ఎక్కువ భాగం ఆపి ఉంటుంది. బ్యాటరీ తీసిన రోబోకు ఏ ప్రోగ్రామూ పనిచేయదు.

9.8 కంపనం ఆగిన తరువాత

అనంతర ప్రకంపనలు వస్తూనే ఉంటాయి కాబట్టి పడిన రోబోను ఎత్తి మళ్ళీ అర మీద నిలబెట్టకండి. ముందు మనుషులు, తరువాత గ్యాసు, ఆ తరువాత కరెంటు. రోబో వంతు మరునాడు వచ్చినా ఫరవాలేదు.

పరీక్ష కంటితో, ముక్కుతో మొదలవుతుంది. బ్యాటరీ ఉబ్బిందా, తియ్యటి ఘాటు వాసన వస్తోందా చూడండి. అలా ఉంటే దాన్ని మళ్ళీ ఛార్జి చేయకూడదు. తరువాత విద్యుత్తు లేకుండానే ఒక్కో కీలును నెమ్మదిగా ఒక చివర నుంచి మరో చివరకు తిప్పండి. మంచి గేరు ఒకే విధమైన బిగువుతో తిరుగుతుంది. పన్ను విరిగితే ఒక చోట కరకరమంటుంది, లేదా ఉన్నట్టుండి వదులవుతుంది. అనుమానం వస్తే ఎదుటి వైపున్న అదే కీలుతో పోల్చండి. ఎడమ మోకాలికి కుడి మోకాలే కొలబద్ద. తీగలు కీళ్ళ మధ్య నలిగాయేమో చూడండి.

విద్యుత్తు ఇచ్చేటప్పుడు రోబోను మొండెం దగ్గర పట్టుకుని, కాళ్ళు చేతులు గాలిలో ఉండేలా ఎత్తి, రెండో చేతిని స్విచ్చి మీదే ఉంచండి. ఇరుక్కున్న సర్వో గీ పెడుతూ వేడెక్కుతుంది, వెంటనే ఆపేయాలి. అన్నీ కదిలాక కూడా నిలువు భంగిమను మళ్ళీ సరిచూడండి. సర్వో కొమ్ము ఒక్క పన్ను జరిగినా నడక మొత్తం ఒక పక్కకు లాగుతుంది.

ఒక మాట చాలామందికి ఆలస్యంగా తడుతుంది. సర్వో విరిగితే కొనుక్కోవచ్చు. నెలల తరబడి సరిదిద్దిన చలనాల ఫైళ్ళు, ఒక్కో కీలుకు కట్టిన సవరణ విలువలు కొనడానికి దొరకవు. అవి సాధారణంగా రోబో పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. రోబోతో పాటు అదీ కింద పడుతుంది. వాటి నకలు ఒకటి మరో ఊళ్ళోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉంచండి. ఈ వారం చేయగలిగిన పనుల్లో పైసా ఖర్చు లేనిది ఇదే.

9.9 సరిచూసుకోండి: సమాధానాలు

1. కాలివేళ్ళ వైపు, అంటే ముందుకు. 3 ÷ 15 = 0.2, 0.2 × 980 = 196 గాల్. మడమ వైపు 5 ÷ 15 × 980 = దాదాపు 327 గాల్ కావాలి కాబట్టి, ముందుకే మొదట ఒరుగుతుంది. నిలువు భంగిమలో గరిమనాభి ఒక సెంటీమీటరు వెనక్కి జరిగేలా మొండాన్ని సర్దితే రెండు వైపులా 4 సెం.మీ. అవుతుంది, విలువ 261 గాల్‌కు పెరుగుతుంది.

2. దాదాపు 1.2 సెకన్లు. తొలగదు. తాడు పొడవు నాలుగు రెట్లు చేసినా ఆవర్తన కాలం రెట్టింపే అవుతుంది. గదిలో పట్టే ఏ పొడవుకైనా అది 1–2 సెకన్ల ప్రాంతాన్ని దాటి దూరంగా పోదు. పైగా తాడు పెరిగేకొద్దీ రోబో ఊగడానికి మరింత చోటు కావాలి.